నా వాటా మాటలు

మంగళవారం, శుక్రవారం చీకటి పడే వేళకి మా వీధి తలుపు మీద గొడుగు పిడితో టకటకా దెబ్బలు పడతాయి. మా ఇంటికి కాలింగ్ బెల్లు ఉంది. పనిచేస్తుంది కూడా. అయినా ఆ మహానుభావుడు గొడుగుతోనే కొడతాడు. తలుపు తీస్తే గుమ్మం నిండా మనిషి, చంకలో గొడుగు, మొహం నిండా నవ్వు.

"తమ్ముడున్నాడా చెల్లెమ్మా?"

ఉండక ఎక్కడికి పోతాడు? ఆ రెండు సాయంత్రాలూ మా ఆయన పని నుంచి వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కుర్చీలో కూర్చుంటాడు. గొడుగాయన వచ్చాక నేను కుట్టుమిషను ఆపి, కత్తెర, దారపు ఉండలు సర్దుకుని వంటింట్లోకి వెళ్లాలి. మాకున్నదే ఆ ఒక్క ముందు గది. నా మిషను ఉన్న గదిలోంచి నన్నే పంపించి తలుపు మూసుకుంటారు. నేను టీ పెట్టి, తలుపు తట్టి, ట్రే లోపలికిచ్చి వెనక్కి రావాలి. టీ లోపలికి పోతుంది, మాటలు మాత్రం బయటికి రావు.

ఇంతకీ గొడుగాయన ఎవరంటే, గొడుగులు బాగుచేసే మనిషి. బజారులో ఒక మేడ మెట్ల కింద ఆయన కొట్టు. ఒకప్పుడు ఆయనా మా ఆయనలాగే తాగి తాగి, తాగుడు మాన్పించే అదే సెంటరులో పడ్డవాడట. బాగుపడి చాలా ఏళ్లయింది. సెంటరు నుంచి బయటికి వచ్చినవాళ్లకి ఇలాంటి పాతకాపు ఒకణ్ణి తోడుగా ఇస్తారు. మా ఆయనకి తోడుగా ఈయన్ని ఇచ్చారు. మా ఆయన తాగుడు మాని ఏడాది కావస్తోంది. తోడు మాత్రం వదల్లేదు.

మా ఆయన్ని ఇంటికి పంపించే రోజున అక్కడి డాక్టరమ్మ నాతో, "వైద్యం అయిపోయిందనుకోకండి, అసలుది ఇప్పుడే మొదలు" అంది. డాక్టర్లు అలాగే అంటారులే అనుకున్నాను. కాలు విరిగితే కట్టు కడతారు, విప్పుతారు, మనిషి నడుస్తాడు. కట్టు విప్పిన తర్వాత కూడా ఈయనకి చంకలో కర్ర ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. అందులోనూ ఆ కర్ర మా ఇంటికొచ్చి బిస్కెట్లన్నీ తినేసి, "టీ అమృతం చెల్లెమ్మా" అని వెళ్లే రకం.

ఒకసారి అడిగేశాను. నా నోరు ఊరుకునేది కాదు.

"ఇంకా ఎన్నాళ్లు అన్నయ్యగారూ ఈ రాకపోకలు?"

"నా కాళ్లు నడిచినన్నాళ్లు."

"ఈలోపు మా ఆయన పూర్తిగా బాగుపడితే?"

"అప్పుడు మరీ జాగ్రత్తగా రావాలి. మునిగేవాడు చెయ్యి వదలమన్నా వదలడు చెల్లెమ్మా. ఒడ్డెక్కినవాడే వదిలేస్తాడు."

ఇలాంటి మాటలు ఆయన దగ్గర బోలెడు. నేను నవ్వి ఊరుకున్నాను కానీ, నా కడుపులో మంట ఆయనకేం తెలుసు? నాకు కావాల్సింది ఒక్క సాయంత్రం. పట్టుమని ఒక్క సాయంత్రం మా ఆయన నా ఎదురుగా కూర్చుని, లోపల మూసి ఉంచినవన్నీ నాతో చెప్పాలి. తాగినన్నాళ్లూ దానికోసమే ఎదురుచూశాను. తాగుడు మానితే మాటలు తిరిగొస్తాయనుకున్నాను. వచ్చాయి, కానీ గొడుగాయనకి వచ్చాయి.

మా ఆయన చెక్క సామానుకి పాలిష్ పెడతాడు. పాత బీరువాలు, మంచాలు, రాతబల్లలు షాపుకి వస్తాయి. గరుకు కాగితంతో రుద్ది పాత రంగు తీసి, లక్క కలిపిన స్పిరిట్‌లో గుడ్డ ఉండని ముంచి, పూత మీద పూత వేస్తాడు. గుడ్డ కదులుతూనే ఉండాలట. మధ్యలో ఆగితే అక్కడే అంటుకుని మచ్చ పడుతుంది. ఆ మచ్చ పోవాలంటే మళ్లీ చెక్క దాకా రుద్దాల్సిందే. పెళ్లైన కొత్తలో ఇవన్నీ నాకు ఆయనే చెప్పాడు. నేను కుడుతూ ఉంటే మిషను పక్కన నేల మీద కూర్చుని, ఆ రోజు బీరువాల సొరుగుల్లో ఏమేం దొరికాయో చెప్పేవాడు. పాలిష్‌కి ఇచ్చేవాళ్లు సొరుగులు దులపరు. ఒకదాంట్లో పాలపన్ను. ఒకదాంట్లో ఒంటి చెవి దుద్దు. ఒకదాంట్లో సగం తిని కాగితంలో చుట్టిపెట్టిన చాక్లెట్టు, ఎవరు ఎవరికి తెలియకుండా దాచుకున్నారో మరి! ఆ సొరుగు చూసి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల సంగతి అల్లి చెప్పేవాడు. నేను నవ్వాపుకోలేక కుట్టు వంకర పోయిన రవికెలు ఎన్నో.

తర్వాత తాగుడు వచ్చింది. దాని గురించి చెప్పే ఓపిక నాకు లేదు. పడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు, పడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు.

సెంటరు నుంచి వచ్చాక కొన్నాళ్లు ఆయన గరుకు కాగితం పని, మైనం పాలిష్ పని మాత్రమే చేశాడు. స్పిరిట్ డబ్బా దగ్గరికి పోవద్దన్నారు. కానీ ఆ షాపులో స్పిరిట్ పాలిష్ పెట్టగల చెయ్యి మా ఆయనది ఒక్కటే. చివరికి ఆయనా గొడుగాయనా కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. డబ్బా మూత తీసేముందు గొడుగాయనకి ఒక ఫోను, మూత బిగించాక ఇంకో ఫోను. "తీస్తున్నా అన్నా." "సరే తమ్ముడూ." "పెట్టేశా అన్నా." "సరే తమ్ముడూ." అంతే, మరో మాట ఉండదు. షాపు యజమాని మొదట్లో నవ్వేవాడట. తర్వాత ఆయనే, "ఫోను చేశావా?" అని గుర్తుచేయడం మొదలుపెట్టాడు.

ఇంటి దగ్గర నా పద్ధతి నాకుంది. సాయంత్రం ఆయన రాగానే తలుపు తీసి, సంచి అందుకునే వంకతో బాగా దగ్గరికి వెళ్తాను. ఒక్కసారి గాలి పీలుస్తాను. స్పిరిట్ వాసన బట్టల మీద ఉంటుంది, మందు వాసన ఊపిరిలో ఉంటుంది. రెండూ అక్కాచెల్లెళ్లే, కానీ తేడా నాకు తెలుసు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకాన్ని నేను. ఆయనకి తెలియకుండా చేస్తున్నాననే అనుకునేదాన్ని.

వానాకాలం మొదలైన వారం. మంగళవారం గొడుగాయన రాలేదు.

వానలు కదా, కొట్టు దగ్గర జనం కిటకిటలాడుతుంటారు, తీరికుండదు అనుకున్నాం. మా ఆయన ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. అబద్ధమెందుకు, నాకు సంతోషం వేసింది. లోపలికి వెళ్లి మొహం కడుక్కుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, రెండు కప్పుల టీ పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. గొడుగాయన కుర్చీలో కూర్చున్నాను.

"ఏంటి సంగతులు?" అన్నాను.

"ఏమున్నాయి!" అన్నాడు మా ఆయన.

"షాపులో ఏం పని?"

"అదే. బీరువా."

"సొరుగుల్లో ఏమైనా దొరికిందా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు. "చూళ్లేదు" అన్నాడు. మళ్లీ తలుపు వైపు చూశాడు. టీ చల్లారిపోయింది. నా ఇస్త్రీ బట్టలు అడవి కాచిన వెన్నెలయ్యాయి. లేచి మిషను దగ్గరికి వెళ్లి, అవసరం లేకపోయినా ఒక పాత దిండు గలేబుకి అంచు కుట్టాను. ఇన్నాళ్లూ మా ఇద్దరి మధ్యా గొడుగాయన అడ్డమనుకున్నాను. ఆయన లేకపోతే మధ్యలో ఏమీ లేదు, ఉట్టి నేల ఉంది, అంతే.

శుక్రవారమూ రాలేదు. మా ఆయన చీకటి పడ్డాక కూడా ఆ కుర్చీలోంచి లేవలేదు. అన్నం కెలికి వదిలేశాడు.

ఆ తర్వాతి సోమవారం సాయంత్రం తలుపు తీసి, ఎప్పటిలాగే దగ్గరికి వెళ్లి గాలి పీల్చాను. వాసనే లేదు. మందు వాసన లేదు, సరే. పొద్దున ఉతికినవి వేసుకెళ్లాడు, వాటి మీద స్పిరిట్ వాసనా లేదు.  పాలిష్ పెట్టేవాడి ఒంటి మీద స్పిరిట్ వాసన లేదంటే, ఎక్కడో స్నానం చేసి, బట్టలు మార్చి, ఏదో దాచుకుని వచ్చాడన్నమాటే కదా?

"ఇవాళ పనికి వెళ్లలేదా?" అన్నాను.

"వెళ్లాను."

"మరి?"

"డబ్బా మూత తియ్యలేదు." సంచి కింద పెట్టాడు. "అన్న ఫోను ఎత్తట్లేదు. పోయిన వారం గరుకు కాగితం పనితో నెట్టుకొచ్చా. ఎవరికి చెప్పి తియ్యను? పొద్దున్నుంచీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. యజమాని తిట్టాడు. రేపూ ఇలాగే ఉంటే వేరేవాణ్ణి పిలుస్తానన్నాడు."

"సెంటరుకి చెయ్యకపోయారా?"

"చేస్తే అన్న రావట్లేదని చెప్పాలి. ఆయన మీద నేనే చాడీ చెప్పినట్టవదూ?"

"పోనీ, నాకు చెయ్యొచ్చు కదండీ! నేనూ 'సరే' అంటాను. అనడానికి అంత పెద్ద చదువులు కావాలా?"

ఆయన నా వైపు చూశాడు. అలా చూసి చాలా కాలమైంది. "నీకు చేస్తే నేను నిజం చెప్పలేను" అన్నాడు.

"ఏం?"

"అన్నకి నిజం చెబితే పోయేదేం లేదు. నీకు చెబితే నువ్వు పోతావేమో."

అంతే, లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ సంచి చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడ్డాను. ఏడవాలో, వెనకాలే వెళ్లి నాలుగు తిట్టాలో తెలియలేదు. తాగి తూలుతున్న రోజుల్లోనే పోనిదాన్ని, ఇప్పుడు పోతానా? ఆ మాటే అరిచి చెప్పాలనిపించింది. అరవకుండా సంచి మేకుకి తగిలించాను. ఒక్కటి మాత్రం అర్థమైంది. ఈ మనిషి మళ్లీ అంచు దాకా వచ్చాడు. ఇంకొక్క రోజు ఆ చేతులు ఒళ్లో ఉంటే సీసా వాటిని వెతుక్కుంటూ వస్తుంది.

మర్నాడు ఆయన షాపుకి వెళ్లగానే నేను ఇల్లు తాళం వేసి బజారుకి బయల్దేరాను. వాన జల్లు కొడుతూనే ఉంది. గొడుగు కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. దాని ముందు నలుగురైదుగురు తడుస్తూ నిలబడి, బాగుచేయడానికి ఇచ్చిన తమ గొడుగులు లోపలే ఉండిపోయాయని తిట్టిపోస్తున్నారు. పక్కన తాళంచెవులు చేసే ముసలాయన నన్ను చూసి, "ఎండాకాలంలో ఒక్కరోజు మూసి ఎరగడు తల్లీ. ఇప్పుడు వానలో మూశాడంటే మంచాన పడుండాలి, కాదంటే..." అని బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. "పైనే ఉంటాడు. వెళ్లి చూడు."

మేడ మెట్లు ఎక్కాను. పై గది తలుపు ఓరగా వేసి ఉంది. తోయగానే ఆ వాసన గుప్పున కొట్టింది. దానికి పరీక్ష అక్కర్లేదు. నేల నిండా విరిగిన గొడుగు ఊచలు, నల్లగుడ్డ ముక్కలు, వాటి మధ్య గోడకి ఆనుకుని గొడుగాయన. పక్కన సగం ఉన్న సీసా. నన్ను చూశాడు. చూసి ఏం చేశాడనుకున్నారు? చేతికందిన గొడుగొకటి టప్పున విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత భారీ మనిషి, ఆడవాళ్ల పువ్వుల గొడుగు వెనక.

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

"గొడుగు దించండి అన్నయ్యగారూ."

"వెళ్లిపో చెల్లెమ్మా."

"దించుతారా, నన్ను లాగమంటారా?"

గొడుగు కొంచెం కిందికి దిగింది. కళ్లు మాత్రం కనిపించాయి. నేను ఊరుకోలేదు. "కంచే చేను మేస్తే ఇక చేను గతేంటండీ? అక్కడ ఒక మనిషి మీ ఫోను కోసం డబ్బా ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు! పదిమందికి తోడని మిమ్మల్ని ఇచ్చారు, మీకేం వచ్చింది? ఎవరు పోయారు? ఏం కష్టమొచ్చింది?"

"ఏ కష్టమూ రాలేదమ్మా" అన్నాడు గొడుగు వెనక నుంచే. "అదే సిగ్గు. వాన పడింది. చేతినిండా పని. ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. ఇంత సంతోషంగా ఉన్నానే, ఒక్కటి తాగితే ఏమవుతుందిలే అనిపించింది. అంతే."

"మీకు మాత్రం ఎవరూ లేరా, ఒక మాట చెప్పుకోడానికి?"

"ఉన్నాడు. పోస్టుమాన్ తాత. నన్ను నిలబెట్టినవాడు. ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి." గొడుగు పిడి వేళ్లతో తిప్పాడు. "ఆయనకి చెవులు సరిగ్గా వినపడట్లేదు. నేను చెప్పింది రెండోసారి చెప్పాలి. విసుగొచ్చింది. అయినా నేనే ఇంతమందికి చెప్పేవాణ్ణి, ఇంకా నాకెందుకులే అనిపించి మానేశాను."

నాతో ఒడ్డు గురించి అంత చక్కగా చెప్పినవాడు ఒడ్డు మీద చెయ్యి వదిలేశాడన్నమాట. ఆ మాట ఆయనకి గుర్తుచేయబుద్ధి కాలేదు. దెబ్బ తగిలిన చోట ఇంకో దెబ్బ ఎందుకు!

"తమ్ముడికి చెప్పకు చెల్లెమ్మా" అన్నాడు. గొడుగు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. "నేను పక్క ఊరెళ్లానని చెప్పు. ఇక కుదరదన్నానని చెప్పు. వాడు నన్నిలా చూస్తే వాడూ పడతాడు. నీకు దణ్ణం పెడతాను."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్క క్షణమేం, ఇంకా ఎక్కువే. ఒక్క అబద్ధం చెబితే చాలు. గొడుగు పిడి చప్పుడు ఇక మా తలుపు మీద వినపడదు. మంగళవారాలు నావి, శుక్రవారాలు నావి, గది నాది, మనిషి నావాడు. ఏడాదిగా దేనికోసం అలమటించానో అది ఈ మనిషే చేతులెత్తి నాకిచ్చేస్తున్నాడు. కానీ తీసుకుని ఏం చేసుకోను? ఆ మంగళవారం చల్లారిపోయిన టీ కప్పులు నా కళ్ల ముందే ఉన్నాయి. ఆయన లోపల పేరుకున్నది ఆయన నాకు చెప్పడు, చెప్పలేడు. చెప్పుకునే చోటు లేకపోతే అది మళ్లీ మందులోకే దారి వెతుక్కుంటుంది.

నాకు ఇంకో భయమూ ఉంది. మునిగేవాణ్ణి లాగడానికి వెళ్లినవాణ్ణి మునిగేవాడే లోపలికి లాగడం అందరూ చూసిందే. అయినా ఫోను తీశాను.

"ఏవండీ, నేను అన్నయ్యగారి గదిలో ఉన్నాను. తాగి ఉన్నారు. సీసాలో ఇంకా ఉంది. ఉన్నది ఉన్నట్టు మీకు చెప్పాను. మీరు రావాలో వద్దో మీరే చూసుకోండి."

 అటునుంచి షాపులో ఎవరో చెక్క రుద్దుతున్న శబ్దం వినిపిస్తోంది.

"ఇలాంటి చోటికి ఒక్కణ్ణీ రాకూడదు" అన్నాడు చివరికి. "ముందు సెంటరుకి ఫోను చేస్తాను. వాళ్లు బండి పంపిస్తారు. ఈలోపు నేనొస్తా. నువ్వక్కడే ఉండు. నేను వచ్చేదాకా కదలకు."

తడిసి ముద్దయి వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆ వాసన ఆయనకి తగలగానే ముక్కుపుటాలు అదిరాయి, గొంతులో ముడి పైకి వెళ్లి కిందికి దిగింది.  మా ఆయన సీసా వైపు చూశాడు, గొడుగాయన వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"కిటికీ తెరువు" అన్నాడు. తెరిచాను.

"ఆ సీసా నువ్వు తియ్యి. నేను ముట్టుకోను. నాకు కనపడకుండా పారబోసిరా."

నేను సీసా కొంగు కింద పెట్టుకుని వరండా చివర ఉన్న కొళాయి దగ్గరికి వెళ్లాను. పారబోసి, నీళ్లు పోసి, మళ్లీ పోసి, చెయ్యి కూడా సబ్బుతో కడుక్కున్నాను. తిరిగి వస్తుంటే లోపల మాటలు వినిపించాయి. గది బయటే ఆగిపోయాను. ఏడాదిగా మూసిన తలుపు ఇవతల నిలబడ్డ అలవాటు కదా, కాళ్లు వాటంతట అవే ఆగాయి. కానీ ఈ గదికి తలుపు తీసే ఉంది.

మా ఆయన ఆ గొడుగు ఊచల మధ్యే, నేల మీద, గొడుగాయన పక్కన కూర్చున్నాడు. తిట్టడం లేదు. బుద్ధులు చెప్పడం లేదు. తన సంగతే చెప్పుకుంటున్నాడు.

"...నిన్న మూత తియ్యలేదన్నా. తీసుంటే పాలిష్ పెట్టేవాణ్ణి కాదు. అది నాకు తెలుసు, అందుకే తియ్యలేదు. సాయంత్రం ఇంటికెళ్లే దారిలో మందుకొట్టు ముందు నిలబడ్డా. మొన్నా నిలబడ్డా. వానకి ఆగినట్టు నిలబడ్డా."

"ఊఁ" అన్నాడు గొడుగాయన. తాగి ఉన్నా, సిగ్గుతో చచ్చిపోతున్నా, ఆ "ఊఁ" మాత్రం గట్టిగా ఉంది.

"ఎందుకు వెళ్లలేదో తెలుసా? ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు తీస్తుంది. సంచి అందుకుంటున్నట్టు దగ్గరికొస్తుంది. నా నోటి వాసన చూడ్డానికి. నాకు తెలియదనుకుంటుంది." మా ఆయన నవ్వాడు. ఆ పాత నవ్వు, నేనెరిగిన నవ్వు. "అప్పుడు ఆవిడ తల ఇక్కడిదాకా వస్తుందన్నా. నా గడ్డం కింద దాకా. ఆవిడ జుట్టు వాసన నాకొస్తుంది. ఒక్క క్షణమే. ఆ తర్వాత రోజంతా మళ్లీ రాదు. ఏడాదిగా నేను పొద్దున్న లేస్తే ఆ ఒక్క క్షణం కోసమే ఎదురుచూస్తున్నా. అనుమానంతో వస్తుంది, తెలుసు. అయితే ఏం? అంత దగ్గరికి వస్తుంది కదా. తాగితే అదీ పోతుంది."

"ఊఁ."

"ఇంకో భయం కూడా ఉంది, నవ్వకు. నేను పూర్తిగా బాగుపడ్డానని ఆవిడకి నమ్మకం కుదిరితే, ఇక వాసన చూడక్కర్లేదు కదా. అప్పుడసలు దగ్గరికి రాదేమో!"

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఓరి నా వెర్రి మొగుడా! ఏడాది పొడుగునా ఒకే గుమ్మం దగ్గర, ఒకే నిమిషంలో, నువ్వు నాకోసం, నేను నీకోసం మొహం వాచిపోయాం. ఒక్కళ్లమైనా నోరు విప్పామా? ఈ మాట చెప్పడానికి నీకు ఈ గది కావాల్సి వచ్చింది, ఈ నేల కావాల్సి వచ్చింది, పడిపోయి కూడా "ఊఁ" అనగలిగే ఈ మనిషి కావాల్సి వచ్చింది.

ఏడుపు ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చెంగు తలుపు అంచుకి తగులుకుని చిన్న చప్పుడైంది. మా ఆయన తలెత్తాడు. నన్ను చూశాడు.

ఆపేస్తాడనుకున్నాను. నా నీడ పడితే ఆయన మాటలు ఎప్పుడూ అంతే, దీపం ఊదినట్టు ఆగిపోతాయి. నేనే వెనక్కి తిరగబోయాను.

"ఇంకా ఉందన్నా" అన్నాడు మా ఆయన, నా మీద నుంచి చూపు తిప్పకుండా.

నేను లోపలికి వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.